ఏడు కొండల లిస్బన్‌లో ఒంటరిగా ఒక శనివారం

శుక్రవారం సాయంత్రం

లిస్బన్ ఏడు కొండల మీద కట్టిన ఊరని ఫోన్‌లో చెప్పగానే మా అత్తయ్యగారు అడిగిన మొదటి మాట, "మెట్ల దారా, బస్సు దారా?" అని. అప్పటికి నవ్వేశాను గానీ, ఈ ఊరి గురించి అంతకంటే పనికొచ్చే ప్రశ్న ఇంకోటి లేదని తర్వాత తెలిసింది. ఆవిడ మోకాళ్లు రెండూ మాట వినడం మానేసి చాలా కాలమైంది. తిరుమల కొండెక్కినా బస్సులోనే.

ఆవిడ, మా ఆయన, పదకొండేళ్ల మా బాబు దసరా సెలవులకి హైదరాబాదు నుంచి దుబాయి మీదుగా ఆదివారం మధ్యాహ్నం ఇక్కడ దిగుతారు. నేను ఆఫీసు పని మీద ముందే వచ్చాను. ఆ వారమంతా ఊరికి తూర్పు చివర, 1998లో ప్రపంచ ప్రదర్శన కోసం కట్టిన కొత్త పేటలో గడిచింది. అద్దాల భవనాలు, వెడల్పాటి రోడ్లు. హైటెక్ సిటీ నుంచి హైటెక్ సిటీకి వచ్చినట్టుంది. అక్కడ షాపింగ్ మాల్ పేరు వాస్కో డ గామా. నది మీద కిటికీలోంచి కనిపించే పొడవాటి వంతెన పేరూ అదే. ఆయన మన దేశం చేరి 500 ఏళ్లయిన సందర్భంగా 1998లోనే దాన్ని తెరిచారు. రోజూ ఆయన పేరున్న మాల్‌లో అన్నం తిని, ఆయన పేరున్న వంతెన చూస్తూ మీటింగుల్లో కూర్చున్నాను. లిస్బన్‌ని మాత్రం చూడలేదు.

శుక్రవారం పని ముగియగానే పెట్టె సర్దుకుని మెట్రో ఎక్కాను. ఎర్ర లైనులో అలమేదా దాకా వెళ్లి, అక్కడ ఆకుపచ్చ లైనులోకి మారి రొసియులో దిగాను. నవెగాంట్ అనే అట్టకార్డు అర యూరో. అందులో డబ్బు వేసుకుంటే మెట్రో, బస్సు, ట్రాము అన్నిటికీ అదే. మనిషికో కార్డు ఉండాలి, ఒకదాన్ని నలుగురూ గీకడానికి లేదు. కుటుంబం కోసం రూము బైషాలో తీసుకున్నాం. పాత ఊళ్లో చదునుగా ఉన్న పేట అదొక్కటే. పైగా లిఫ్ట్ ఉంది. రాత్రి ఎనిమిదికే పడుకున్నాను.

శనివారం

తెల్లవారక ముందే తెర్రైరు దు పాసు మైదానానికి నడిచాను. అక్టోబరులో ఇక్కడ ఏడున్నరకి గానీ సూర్యుడు రాడు. మూడు వైపులా పసుపు రంగు భవనాలు, వాటి కింద వరసగా కమానులు, నాలుగో వైపు తేజో నది. నది అంటున్నాను గానీ ఇక్కడ అవతలి ఒడ్డు సరిగ్గా ఆనదు. రెండు స్తంభాల మధ్య నుంచి పాలరాతి మెట్లు నీళ్లలోకి దిగుతాయి. ఆ మెట్ల మీద కూర్చుని ఫ్లాస్కులో తెచ్చుకున్న కాఫీ తాగాను. నేనూ, ఇద్దరు జాలర్లూ తప్ప ఎవరూ లేరు.

దీని పేరుకి అర్థం రాజప్రాసాదం ముందున్న ఖాళీ జాగా అని. ప్రాసాదం మాత్రం లేదు. మనువేల్ రాజు కొండ మీద కోట వదిలి, ఓడల్లోంచి సరుకు దిగుతుంటే చూసుకోవచ్చని ఇక్కడ ఒడ్డున కట్టుకున్నాడు. పక్కనే తూర్పు వ్యాపారం లెక్కలన్నీ చూసే 'ఇండియా హౌస్' ఉండేది. 1755 నవంబరు 1 ఉదయం, పది కావస్తుండగా భూమి కంపించింది. సర్వ పునీతుల పండుగ రోజు కావడంతో జనమంతా చర్చిల్లో ఉన్నారు, ప్రతి పీఠం ముందూ కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. గోడలు కూలుతుంటే బతికినవాళ్లు నది ఒడ్డు ఖాళీగా ఉందని ఇటే పరుగెత్తారు. కాసేపటికి నీళ్లు వెనక్కి తగ్గి, ఉప్పెనై మీదకొచ్చాయి. కూలిన కొవ్వొత్తుల నుంచి, వంటిళ్ల పొయ్యిల నుంచి లేచిన మంటలు రోజుల తరబడి ఆరలేదు. ప్రాసాదం, అందులోని గ్రంథాలయం, ఆ ఏడాది వసంతంలోనే తెరిచిన ఒపేరా నాటకశాల, ఇండియా హౌస్ కాగితాలు అన్నీ పోయాయి. నేను కూర్చున్న మెట్లు ఆ తర్వాత కట్టినవే.

కాగితాలు పోయాయంటే నాకు కృష్ణదేవరాయలు గుర్తొచ్చాడు. ఆయన ఎలా ఉండేవాడో మనకి కళ్లకు కట్టినట్టు చెప్పింది ఒక పోర్చుగీసువాడు, దొమింగో పాయిస్. 1520 ప్రాంతాల్లో విజయనగరం వచ్చి చూసి రాశాడు: రాయలు మధ్యస్థమైన ఎత్తు, మంచి ఛాయ, కాస్త భారీ మనిషి, ముఖాన స్ఫోటకం మచ్చలు. తెల్లవారక ముందే నువ్వులనూనె తాగి, కుస్తీ పట్టి, గుర్రపు స్వారీ చేసేవాడట. మరో పదిహేనేళ్లకి వచ్చిన నూనిజ్ గుర్రాల వ్యాపారి. ఈ ఇద్దరి రాతలూ గోవా నుంచి పోర్చుగల్‌కి పంపినవే. ఆ ప్రతి ఇప్పుడు పారిస్ గ్రంథాలయంలో ఉంది. 1900లో రాబర్ట్ సీవెల్ వాటిని ఇంగ్లీషులోకి తెచ్చాకే మన చరిత్ర పుస్తకాల్లో రాయలకి ఒక ముఖం వచ్చింది. అవి ఈ మైదానం పక్కనే ఏ బీరువాలోనో ఉండిపోయి ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు.

మైదానం మధ్యలో గుర్రం మీదున్న కంచు విగ్రహం భూకంపం నాటి రాజు జుజే. 1775లో పెట్టారు. పీఠం మీద మంత్రి పొంబాల్ ముఖం కూడా చిన్న బిళ్లలా చెక్కించుకున్నాడు. ఊరు తిరిగి కట్టించింది మంత్రి, గుర్రం ఎక్కింది రాజు.

ఎనిమిదిన్నరకి 15వ నంబరు ట్రాము ఎక్కి బెలేం వెళ్లాను. కొత్త రకం పొడవాటి ట్రాము, పొద్దున్నే కాబట్టి కూర్చునే చోటు దొరికింది. అదే ట్రాము పదకొండున్నరకి ఎదురుగా వెళ్తుంటే చూశాను, తలుపు రెక్కలకి జనం అతుక్కుని ఉన్నారు. జేబుదొంగల ప్రకటన లోపల ప్రతి చివరా ఉంది. అత్తయ్యగారికి ఇది కుదరదు. మైదానం దగ్గరే ఆగే 728 నంబరు బస్సు రాసుకున్నాను.

జెరోనిమోస్ మఠం ముందు అప్పటికే వరస. చర్చికి, పక్కనున్న వరండాల చావడికి వేర్వేరు వరసలు. చావడికే టికెట్టు. సోమవారం రెండూ మూత. (ఎవరైనా వెళ్తే ముందు ఇది చూసుకోండి. శని, ఆదివారాలు చూసుకుని సోమవారం బెలేం పెట్టుకునేవాళ్లు చాలామంది.)

1501లో మొదలుపెట్టి దాదాపు వందేళ్లు కట్టారు. ఖర్చుకి ఆఫ్రికా నుంచి, తూర్పు దేశాల నుంచి వచ్చే సరుకు మీద వందకి 5 చొప్పున పన్ను. ఆ పన్నుని జనం మిరియాల పేరుతోనే పిలిచేవారు. లోపలికి వెళ్లాక ఆ లెక్క కళ్లెదుట కనిపిస్తుంది. తాటిచెట్లంత స్తంభాలు పైకి వెళ్లి కొమ్మలుగా విచ్చుకుని కప్పుని మోస్తాయి. రాతి మీద తాళ్లు, ముళ్లు, సముద్రపు నాచు, పగడాలు, ఏమిటో తెలియని ఆకులు. నిజం చెప్పాలంటే చాలా బాగుంది. మన మిరియాలతో కట్టారు కదా అని ముఖం చిట్లించుకుని చూడాలని ముందే అనుకుని వెళ్లాను, అది సాగలేదు. చావడి పై అంతస్తులో ఒక మూల నిలబడి అరగంట గడిపాను.

వాస్కో డ గామా సమాధి చర్చిలోకి అడుగుపెట్టగానే ఎడమవైపు. రాతి మనిషి చేతులు జోడించి పడుకుని ఉన్నాడు, కింద సింహాలు మోస్తున్నాయి. పక్కల మీద ఓడ, గోళం. కుడివైపు ఆయన ప్రయాణాన్ని పద్యాలుగా పాడిన కమోయిష్ సమాధి. 1524లో క్రిస్మస్ ముందురోజు గామా కొచ్చిలో పోయాడు. మొదట పూడ్చింది అక్కడి సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలో. రెండేళ్ల కిందట కేరళ వెళ్లినప్పుడు చుట్టూ కటకటాలు వేసిన ఆ ఖాళీ గుంటని మా బాబు చూశాడు. "మరి మనిషేడీ?" అన్నాడు. 1539లో ఎముకలు పోర్చుగల్ చేరాయి, 1880లో ఈ మఠానికి తెచ్చారు. వాడి ప్రశ్నకి జవాబు ఇక్కడ దొరుకుతుంది.

వాడి సోషల్ పుస్తకంలో గామా ఒక్క వాక్యం. 1498లో కాలికట్ చేరాడు, అంతే. రెండోసారి, 1502లో వచ్చినప్పుడు మక్కా నుంచి తిరిగొస్తున్న యాత్రికుల ఓడని పట్టుకుని, ఆడవాళ్లూ పిల్లలతో సహా వందల మంది లోపలుండగా తగలబెట్టించిన సంగతి అందులో లేదు. ఆ సంగతి రాసిపెట్టినవాళ్లు ఆయన వెంట ఉన్న పోర్చుగీసువాళ్లే. సమాధి రాళ్ల మీద కూడా అది లేదు. నా పక్కన ఒక స్పెయిన్ కుటుంబం సెల్ఫీ తీసుకుంటోంది. వాడికి ఇక్కడే నిలబెట్టి చెప్పాలా, రూముకెళ్లాక చెప్పాలా అని కాసేపు తేల్చుకోలేకపోయాను. ఇక్కడే చెప్పాలనిపించింది.

వాడికి నచ్చేది మాత్రం ఇది కాదు, బెలేం బురుజు. మఠం నుంచి నది వెంట పావుగంట నడక, అంతా చదునే. 1514 నుంచి 1519 దాకా కట్టిన చిన్న కోట. లోపలికి వెళ్లలేదు. ఇరుకు మెట్లు, పెద్ద వరస. నేను వెతికింది బయట ఒక కాపలా గూడు అడుగున ఉన్న రాతి తల. ఉప్పుగాలికి అరిగిపోయి, తెలియనివాళ్లకి కుక్కలా కనిపిస్తుంది. అది ఖడ్గమృగం.

గుజరాత్ సుల్తాను ముజఫర్ షా దాన్ని గోవా గవర్నరు అల్బుకెర్కీకి కానుకగా ఇచ్చాడు. ఆయనకి ఏంచేయాలో తోచక రాజుకి పంపేశాడు. 1515 మే 20న బెలేంలో దిగింది, వెంట ఓసెం అనే మావటి. యూరప్ గడ్డ మీద రోమన్ల కాలం తర్వాత ఎవరూ ఖడ్గమృగాన్ని చూడలేదు. ఏనుగుకీ దీనికీ జన్మవైరమని పాత గ్రంథాల్లో ఉంది, నిజమో కాదో చూద్దామని మనువేల్ రాజు రెండిటినీ ఎదురెదురుగా వదిలాడు. ఖడ్గమృగం నెమ్మదిగా నడిచి రాగానే ఏనుగు పారిపోయింది. ఎవరో పంపిన బొమ్మా, ఉత్తరమూ ఆధారంగా జర్మనీలో డ్యూరర్ దాన్ని చెక్క మీద చెక్కాడు. ఆయన దాన్ని ఎన్నడూ చూడలేదు. అందుకే ఒళ్లంతా కవచం తొడిగి, వీపు మీద ఇంకో చిన్న కొమ్ము పెట్టాడు. ఆ తప్పు బొమ్మే తరతరాల పాటు యూరప్‌కి ఖడ్గమృగం. చివరికి పోప్‌కి కానుకగా పంపుతుంటే 1516 మొదట్లో ఇటలీ తీరాన ఓడ మునిగింది. గొలుసులతో కట్టేసి ఉండటంతో ఈదలేక చచ్చిపోయింది. ఓసెం ఏమయ్యాడో మాత్రం ఎవరూ పట్టించుకున్నట్టు లేదు.

తిరుగుదారిలో 1837 నుంచి నడుస్తున్న పాస్తేల్ దుకాణం. పొరలు పొరలుగా కరకరలాడే గిన్నెలో గుడ్డు పచ్చసొన, పాలు, పంచదార కలిపి కాల్చిన మీగడ. మఠాలు మూతపడ్డ రోజుల్లో సన్యాసుల దగ్గర్నుంచి బయటికొచ్చిన వంటకమట. వేడివేడిగా, పైన దాల్చినచెక్క పొడి చల్లుకుని రెండు తిన్నాను. అత్తయ్యగారు గుడ్డు ముట్టరు కాబట్టి ఆవిడకి వాసన వరకే.

మధ్యాహ్నం భోజనం ఊళ్లోకి తిరిగొచ్చాక, కాయిష్ దు సొద్రె వెనక సందులో ఒక చిన్న హోటల్లో. కూర్చోగానే అడక్కుండా బ్రెడ్డు, ఆలివ్ పళ్లు, చీజ్ ముక్క తెచ్చి పెట్టారు. ఇవి ఉచితం కాదు. ముట్టుకుంటే బిల్లులో పడతాయి, వద్దంటే మర్యాదగానే తీసుకెళ్తారు. ఉప్పు పెట్టి ఎండబెట్టిన బకల్యావ్ చేపని పీచులుగా చీల్చి, సన్నటి ఆలుగడ్డ వేపుడుతో, గుడ్డుతో కలిపిన కూర తెప్పించుకున్నాను. ఈ దేశపు ప్రాణం ఆ చేపలో ఉంది గానీ ఆ చేప ఈ దేశపు నీళ్లలో లేదు, ఉత్తర సముద్రాల నుంచి రావాలి. తినడానికి బాగుంది, కారం మాత్రం శూన్యం. అడిగితే నూనెలో వేసిన మిరపకాయల సీసా తెచ్చిపెట్టారు.

అమెరికా ఖండాల మిరపని ఓడల్లో తెచ్చి గోవాలో దించింది వీళ్లే. జీడిమామిడి, అనాస, బొప్పాయి కూడా. అంతకుముందు మన వంటల్లో కారమంటే మిరియాలు, అల్లం, ఆవాలు. అంటే నన్నయగారు భారతం రాసే రోజుల్లో రాజమహేంద్రవరంలో ఎర్ర కారం లేదు. గుంటూరు యార్డు సంగతి సరేసరి. ఈ సంగతి తెనాలిలో పుట్టిన మా అత్తయ్యగారికి చెబితే ఒప్పుకోరు. మన మిరియాల కోసం వచ్చి, మనకి మిరపకాయ అలవాటు చేసి వెళ్లారు. తెచ్చినవాళ్లు మాత్రం దాన్ని సీసాలో పెట్టి, అడిగినవాళ్లకే ఇస్తున్నారు.

మూడింటికి కొండ పని మొదలుపెట్టాను. నా రోజు మొత్తంలో అత్తయ్యగారు మెచ్చుకోబోయేది ఇదొక్కటే. బైషాలో ఫాంకైరోస్ వీధిలో, మామూలు ఇంటి గుమ్మంలా కనిపించే తలుపు వెనక నగరపాలక సంస్థ పెట్టిన లిఫ్ట్ ఉంది. టికెట్టు లేదు. ఎక్కితే పై వీధిలో దిగుతాం. ఎదురుగా కొంచెం నడిస్తే ఒక సూపర్ మార్కెట్ ఉన్న భవనంలో రెండో లిఫ్ట్. అది దిగితే కోట కొండ నడుం దాకా వచ్చేసినట్టే. పక్కనే ఇద్దరు ముసలమ్మలు కూరగాయల సంచులతో ఎక్కుతున్నారు, పర్యాటకులెవరూ లేరు. అక్కడి నుంచి కోట గుమ్మం దాకా వెళ్లే బస్సు 737. మెట్లా, బస్సా అంటే లిఫ్టు!

అల్ఫామా అంటే కోట కొండ నుంచి నది దాకా జారే సందుల చిక్కుముడి. అరబ్బుల కాలం నాటి అల్లిక. 1147లో పోర్చుగల్ మొదటి రాజు అఫోన్సు హెన్రికెష్ వాళ్ల నుంచి కోట గెలిచి, ఆ ఏడాదే పెద్ద చర్చి కట్టడం మొదలుపెట్టాడు. కొండరాయి మీద ఉండటం వల్ల భూకంపానికి ఈ పేట మిగతా ఊరంత నాశనం కాలేదు. సందుల్లో బట్టలు ఆరేసి ఉన్నాయి. పసుపు రంగు 28వ నంబరు ట్రాము గోడలకి జానెడు దూరంలో కీచుమంటూ పోతుంటే, జనం గుమ్మాల్లోకి తప్పుకుంటున్నారు. ట్రాము లోపల నిలబడటానికి కూడా చోటు లేదు. మొదటి స్టాపు మర్తీం మునీష్‌లో పొద్దున్నే ఎక్కితేనే కిటికీ సీటు.

ఈ ట్రాము పోయే దారిలోనే సాంత లుజియా చర్చి ఉంది. దాని ముందున్న అరుగు మీదికి అందరూ నది చూడ్డానికి వస్తారు. నది వైపు వీపు పెట్టి చర్చి గోడ చూడాలి. అక్కడ నీలిరంగు పలకల మీద పెద్ద బొమ్మ: తెర్రైరు దు పాసు, భూకంపానికి ముందు. పొద్దున్న నేను కాఫీ తాగిన మైదానమే, ప్రాసాదంతో, నది అంచు దాకా వచ్చిన బురుజుతో, బండ్లతో, మనుషులతో. చాలాసేపు ఒక్కో పలకా చూశాను. నేను చూసుకుంటుంటే జనం నా భుజాల మీదుగా నదిని ఫొటో తీసుకుంటున్నారు.

కిందికి దిగేటప్పుడు ముళ్ల ఇల్లు. 1523లో అల్బుకెర్కీ కొడుకు కట్టించుకున్నాడు, ముందు గోడంతా వజ్రాల మొనల్లా చెక్కిన రాళ్లు. తండ్రి 1510లో గోవా పట్టినవాడు, ఖడ్గమృగాన్ని వదిలించుకున్నవాడు. పై రెండంతస్తులు 1755లో పడిపోయాయి, మళ్లీ కట్టింది 1980లలో. ఇప్పుడు అందులో నోబెల్ రచయిత సరమాగు పేరిట ఒక సంస్థ ఉంది. ఎదురుగా ఒక ఆలివ్ చెట్టు, దాని మొదట్లో ఆయన బూడిద.

అక్కడి నుంచి బైషా వీధులు మళ్లీ నడిచాను, ఈసారి తల పైకెత్తి. నాకు ఈ ఊళ్లో అన్నిటికంటే నచ్చింది ఇదే. ఎవరూ ఫొటో తీసుకోని ఒకే రకం ఇళ్ల వరసలు. భూకంపం తర్వాత పొంబాల్ పిలిపించింది డెబ్భై ఎనిమిదేళ్ల ఇంజనీరు మనువేల్ ద మైయాని. ఆయన కొన్ని దారులు రాసిచ్చాడు: ఉన్నది ఉన్నట్టు కట్టడం, వీధులు వెడల్పు చేసి కట్టడం, మొత్తం తుడిచేసి కొత్త గీతలు గీయడం, ఊరినే వదిలేసి బెలేం వైపు పోవడం. మొత్తం తుడిచేసి కట్టడమే ఎంచుకున్నారు. గీతలు గీసినట్టు వీధులు, ఒకే ఎత్తు ఇళ్లు. వీధికో వృత్తి: బంగారం, వెండి, బట్టలు, చెప్పులు. ఇంటి గోడల లోపల అడ్డంగా, నిలువుగా, ఐమూలగా బిగించిన కర్రల పంజరం, భూమి ఊగితే ఇల్లూ ఊగాలి గానీ విరగకూడదని. అది నిలుస్తుందో లేదో తేల్చడానికి నమూనా ఒకటి కట్టి, చుట్టూ సైనికుల చేత కవాతు చేయించి నేల అదిరేలా చూశారని చెబుతారు. ఇంటికీ ఇంటికీ మధ్య గోడని పైకప్పు దాటి పైకి లేపారు, ఒకింటి మంట పక్కింటికి పాకకుండా. తల పైకెత్తితే ఆ గోడలు ఇప్పటికీ కనిపిస్తాయి.

అంతేకాదు, దేశంలోని చర్చిలన్నిటికీ ప్రశ్నపత్రం పంపారు: ఎంతసేపు ఊగింది, ఏ దిక్కు నుంచి వచ్చినట్టుంది, సముద్రం ముందు తగ్గిందా పెరిగిందా, బావుల్లో నీళ్లు ఏమయ్యాయి. పాపాలకి దేవుడు వేసిన శిక్ష అని ఫాదర్లు వీధుల్లో చెబుతున్న రోజుల్లో అడిగిన ప్రశ్నలివి. ఒకవైపు అదే పొంబాల్ ఎదురు తిరిగినవాళ్లని క్రూరంగా చంపించాడు కూడా. మంచివాడు అననుగానీ, ఆ ప్రశ్నపత్రం నాకు మఠం స్తంభాల కంటే గొప్పగా అనిపించింది.

కార్మో చర్చికి మూసేముందు గంట ఉందనగా చేరాను. 1389లో మొదలైన గోతిక్ కట్టడం. భూకంపంలో కప్పు జనం మీద పడింది. తర్వాత కొంత కట్టి, 1834లో మఠాలని రద్దు చేయడంతో ఆపేశారు. అలాగే వదిలేశారు. ఇప్పుడు నడిమి భాగంలో కప్పు లేని కమానులు మాత్రం ఉన్నాయి, వాటి మధ్య ఆకాశం, కింద గడ్డి. చివరి గదుల్లో చిన్న మ్యూజియం. అందులో ఎందుకో పెరూ నుంచి తెచ్చిన రెండు మమ్మీలు కూడా. ఆదివారం మూత కాబట్టి రేపు మావాళ్లతో రావడానికి కుదరదు, ఇది నా ఒక్కదాని వాటా. పావురాలు కమానుల మీద నుంచి ఆ చివరికి ఈ చివరికి ఎగురుతుంటే, టికెట్టు పిల్ల వచ్చి టైమైందని చెప్పేదాకా అక్కడే ఉన్నాను.

బయట చిన్న మైదానం, జకరాందా చెట్లు, ఒక పాత ఫౌంటెన్. 1974 ఏప్రిల్ 25న నియంత ప్రభుత్వం మీద సైన్యం తిరగబడ్డప్పుడు ఈ పక్క పోలీసు శిబిరంలోనే ప్రధాని కయెతాను దాక్కున్నాడు. కెప్టెన్ సల్గైరు మైయా సాయుధ శకటాలతో చుట్టుముట్టాడు, మైదానం జనంతో నిండిపోయింది, సాయంత్రానికి ఆయన లొంగిపోయాడు. తుపాకీ గొట్టాల్లో ఎర్ర కార్నేషన్ పూలు పెట్టింది ఆ రోజే. మన సైన్యం 1961లో గోవా విడిపించినా పోర్చుగల్ పదమూడేళ్ల పాటు ఒప్పుకోలేదు. ఈ మైదానంలో ప్రభుత్వం పడిపోయాక, ఆ ఏడాది ఆఖరి రోజున ఢిల్లీలో సంతకం పెట్టింది.

చీకటి పడుతుండగా రొసియు దాటి సావ్ దొమింగుష్ చర్చిలోకి తొంగిచూశాను. 1506లో యూదుల ఊచకోత మొదలైంది ఇక్కడే. బయట దానికి జ్ఞాపకరాయి ఉంది. 1959లో లోపల అగ్నిప్రమాదం జరిగితే, కాలి పెళ్లలు రాలిన స్తంభాలని అలాగే ఉంచి, పైన కప్పు మాత్రం వేసి ఎర్రమట్టి రంగు పూశారు. విరిగినదాన్ని దాచకపోవడం ఈ ఊరికి అలవాటేమో.

రెండడుగులు వేస్తే మర్తీం మునీష్. నేపాలీ, బంగ్లాదేశీ, పంజాబీ దుకాణాలు. సోనా మసూరి దొరకలేదు, బాస్మతి దొరికింది. కందిపప్పు, కరివేపాకు, పెరుగు, ఒక గుప్పెడు పచ్చిమిరపకాయలు కొన్నాను. దుకాణంలో కుర్రాడు హిందీలో అడిగాడు, ఎంతమందికని. నలుగురికి అంటే ఇంకో గుప్పెడు వేశాడు.

ఆదివారం

పొద్దున వర్షం. పప్పు వండి పెట్టి, ఎర్ర లైను మెట్రోలో ఎయిర్‌పోర్టుకి వెళ్లాను. ముగ్గురూ కళ్లు వాచి బయటికొచ్చారు. అత్తయ్యగారి చేతిలో క్యాబిన్ బ్యాగు కంటే ఆవకాయ జాడీ ఉన్న సంచి భద్రంగా ఉంది. ఆవకాయ ఉందంటే మిరపకాయ కథ మొదలుపెట్టే అవకాశం ఉంది గానీ ఆ రోజుకి ఊరుకున్నాను.

అప్పుడే నిద్రపోకుండా ఆపడానికని సాయంత్రం నాలుగింటికి అందరినీ బయటికి తీశాను. లిఫ్టు, రెండో లిఫ్టు, ఆ పైన నెమ్మదిగా సాంత లుజియా. మా ఆయన నది వైపు వెళ్లిపోయారు. అత్తయ్యగారు పలకల బొమ్మ ముందు ఆగారు. ఇంతింత ఇల్లు పోయాక రాజు ఏంచేశాడని అడిగారు. ఆ పొద్దున రాజకుటుంబం బెలేంలో ఉండటంతో బతికారు, కానీ రాయి గోడలంటే భయం పట్టుకుని జుజే 1777లో పోయేదాకా ఊరవతల చెక్కతో, గుడ్డతో కట్టిన బిడారుల్లోనే ఉన్నాడు అని చెప్పాను. మరి కట్టించిన మంత్రి? కూతురు మరియా రాణి కాగానే పదవి తీసేసి, తన దరిదాపుల్లో కనపడకూడదని హుకుం వేసింది. "అంత కట్టినవాడిని కూడానా!" అన్నారు, ఇంకోసారి బొమ్మలో బురుజు చూస్తూ.

బాబుకి ఇవేవీ పట్టలేదు. ఖడ్గమృగం మంగళవారమే, సోమవారం అక్కడ మూత అంటే ఒప్పుకోలేదు. తల బయటి గోడ మీదే ఉందన్నావు కదా, మూస్తే మనకేంటి అన్నాడు. నిజమే. సోమవారం పొద్దున్నే 728 బస్సు ఎక్కాం.